పన్నెండు గంటల కాల్

పన్నెండు కావడానికి ఇంకా ఏడు నిమిషాలే ఉన్నాయి. అమ్మ ఇంకా పైకి రాలేదు.

గువ్వ కిటికీకి ముక్కు ఆనించి కిందికి చూసింది. చూడటానికి అక్కడేమీ లేదు. వాన, పొగమంచు, తడిసి నల్లబడ్డ చెట్లు. నది కనిపించడం లేదు. దాని హోరు మాత్రం పొద్దుటికన్నా పెరిగింది.

ఆ ఇంట్లో ఉన్నది ఒకే గది. ఒక మంచం, ఒక స్టవ్, గోడకు గడియారం, బల్ల మీద వైర్‌లెస్ సెట్టు. చుట్టూ అడవి. దగ్గర్లో మనుషులున్న చోటంటే కిందనున్న క్యాంపు ఒక్కటే. అక్కడికి రెండు గంటల నడక, మధ్యలో ఒక వాగు. ఫోన్ పనిచేయదు. ఎవరితో మాట్లాడాలన్నా ఆ సెట్టే దిక్కు.

నదిలో నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో చూడటం అమ్మ పని. ఒడ్డున ఒక పొడవాటి చెక్క పలక నిలబెట్టి ఉంటుంది. దాని మీద మన స్కేలు మీద ఉన్నట్టే గీతలూ అంకెలూ ఉంటాయి. మూడు గంటలకోసారి నూట పన్నెండు మెట్లు దిగాలి. నీళ్ళు ఏ అంకె దాకా వచ్చాయో చూడాలి. మళ్ళీ నూట పన్నెండు మెట్లు ఎక్కి, వైర్‌లెస్‌లో కంట్రోల్ రూముకు చెప్పాలి. ఆఖరున "అంతా క్షేమం" అనాలి. ఆ మాట నీళ్ళ గురించి కాదు, ఇక్కడున్న మనుషుల గురించి.

ఇంతకుముందు ఈ పని నాన్న చేసేవాడు. నాన్న పోయాక అమ్మకు ఇచ్చారు.

గువ్వ హాస్టల్లో ఉండి ఐదో తరగతి చదువుతోంది. గువ్వ అన్నది అమ్మ పెట్టుకున్న పేరు. అసలు పేరొకటి ఉంది గానీ, హాజరు పిలిచే టీచర్ తప్ప దాన్ని ఎవరూ వాడరు. సెలవులకు అమ్మ దగ్గరికి వచ్చి పది రోజులైంది. పది రోజులూ వానే.

ఇంకా నాలుగు నిమిషాలు.

గువ్వకు గాభరా మొదలైంది. అమ్మకు ఏమైందో అని కాదు. అమ్మకు ఏమైనా అవుతుందని ఆ పిల్లకు తోచనే లేదు. కాల్ తప్పుతుందేమో అని.

ఈ నెలలో ఇప్పటికే రెండుసార్లు తప్పింది. మొదటిసారి బ్యాటరీ అయిపోయింది. రెండోసారి అమ్మ జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడుకుంది. రెండుసార్లూ క్యాంపు నుంచి ముగ్గురు మనుషులు వానలో నడుచుకుంటూ వచ్చారు. రెండోసారి వచ్చినప్పుడు అమ్మ ఎలాగో లేచి కూర్చుంది. "గడియారం ఆగిపోయిందయ్యా, అంతే" అంది. జ్వరం మాట ఎత్తలేదు. వాళ్ళు తలలు తుడుచుకుని, గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం కంట్రోల్ రూము ఆఫీసరు గట్టిగానే అన్నాడు. "ఏమమ్మా, మావాళ్ళవి కాళ్ళా, కర్రలా? ఇంకోసారి ఇలా తప్పితే నోటీసు ఇవ్వాల్సి వస్తుంది."

గువ్వ ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. సెట్టులోంచి గరగరమంటూ వచ్చే గొంతే తెలుసు. అందుకే ఆయనకు గరగర మామయ్య అని పేరు పెట్టింది. పెద్ద మీసాలూ పెద్ద పొట్టా ఉంటాయని ఊహించుకుంది.

ఆ ఆదివారం, క్యాంపు మనిషి ఒకతను వచ్చి కాల్స్ చూసుకుంటుంటే, అమ్మా గువ్వా సరుకుల కోసం క్యాంపు దగ్గరి బజారుకు దిగారు. అక్కడ ఫోన్ పనిచేస్తుంది. అమ్మ పెద్దమ్మకు ఫోన్ చేసింది. జ్వరం ఇంకా పూర్తిగా తగ్గలేదు. మాట మాటకూ దగ్గు వస్తోంది. అయినా ఫోన్ దూరంగా పెట్టి దగ్గి, మళ్ళీ దగ్గరికి తెచ్చుకుని, "ఆ, అంతా బాగానే ఉన్నాం అక్కా. మాకేం, రాళ్ళలా ఉన్నాం" అంది.

"ఎందుకమ్మా అలా చెప్పావు?" అని గువ్వ అడిగింది.

"ఎవరి బాధలు వాళ్ళకున్నాయి. మనవి కూడా వాళ్ళ నెత్తిన రుద్దడం దేనికి?" అంది అమ్మ.

గువ్వకు ఆ మాట నచ్చింది. అమ్మ ఎంత గట్టిదో అనుకుంది.

గడియారం ముళ్ళు రెండూ పన్నెండు మీద కలిశాయి. సెట్టు గరగరమంది.

"మూడో నంబర్ స్టేషన్. మూడో నంబర్ స్టేషన్. పన్నెండు గంటల రిపోర్టు చెప్పండి."

గువ్వ తలుపు దాకా పరిగెత్తి, "అమ్మా!" అని అరిచింది. వాన చప్పుడులో తన గొంతు తనకే వినపడలేదు.

"మూడో నంబర్ స్టేషన్. వినపడుతోందా?"

మూడుసార్లు పిలుస్తారు. అరగంట చూస్తారు. తరువాత మనుషుల్ని పంపుతారు. మనుషులొస్తే చీవాట్లు, ఆపై నోటీసు. నోటీసంటే ఉద్యోగం పోవడమేనని గువ్వ లెక్క. ఉద్యోగం పోతే తామిద్దరూ ఎక్కడికి పోతారు?

హాస్టల్లో గువ్వ వార్డెన్ గొంతును అచ్చు దించేస్తుంది. ఒకసారి తలుపు అవతల నుంచి "లైట్లు ఆర్పండి!" అంటే గది గదంతా నిజమనుకుని ముసుగుతన్ని పడుకుంది. అమ్మ గొంతు ఇంకా తేలిక.

గువ్వ సెట్టు మైకు తీసుకుంది. బటన్ నొక్కింది. గొంతు కాస్త బొంగురు చేసింది.

"మూడో నంబర్ స్టేషన్, సార్. నీటిమట్టం నాలుగు మీటర్ల ఇరవై." అది తొమ్మిది గంటలప్పటి లెక్క. గోడకు వేలాడే లెక్కల పుస్తకంలో చూసి చెప్పింది. "అంతా క్షేమం."

"నాలుగు ఇరవై. రాసుకున్నాను. జాగ్రత్తమ్మా, పైన వాన ఎక్కువగా ఉంది."

సెట్టు మూగబోయింది. గువ్వ మైకు బల్ల మీద పెట్టింది. తరువాత నవ్వొచ్చింది. గరగర మామయ్య బుట్టలో పడ్డాడు! అమ్మ రాగానే చెప్పాలి. ముందు కసురుతుంది, తరువాత దగ్గరికి తీసుకుంటుంది. గువ్వ మంచమెక్కి కూర్చుని, అమ్మతో ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంది.

పన్నెండున్నర అయింది. అమ్మ రాలేదు.

అమ్మకేమైనా అయిందేమో అని అప్పుడు మొదటిసారి గువ్వకు తోచింది. రెయిన్ కోటు తగిలించుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది.

మెట్ల మీద తెల్ల పెయింటుతో నంబర్లున్నాయి. నది దగ్గర ఒకటి, ఇంటి దగ్గర నూట పన్నెండు. నాచుకు కాళ్ళు జారుతుంటే గువ్వ గోడ పట్టుకుని ఒక్కొక్కటే దిగింది. ఎనభై. యాభై. ముప్ఫై. నది హోరుకు చెవులు దిమ్మెక్కుతున్నాయి.

పద్నాలుగో మెట్టు మీద అమ్మ పడి ఉంది.

ఒక కాలు మోకాలి కింద పక్కకు వంగిపోయి ఉంది. కాలు అలా వంగకూడదు. అమ్మ ముఖం తెల్లగా పాలిపోయింది. జుట్టు చెంపలకు అతుక్కుపోయింది. గువ్వను చూసి నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

"అమ్మా! ఏమైందమ్మా?"

"జారానే. ఎముక విరిగినట్టుంది. ఎంత అరిచినా నీకు వినపడలేదు కదూ. ఏడవకు. ఇటురా, నా పక్కన కూర్చో."

నీళ్ళు తొమ్మిదో మెట్టు మీదున్నాయి. గోధుమ రంగు నీళ్ళు, కొమ్మలూ ఆకులూ ఈడ్చుకుంటూ పోతున్నాయి. గువ్వ చూస్తుండగానే పదో మెట్టు అంచు తడిసింది.

"టైమెంతయింది?" అని అమ్మ అడిగింది.

"పావు తక్కువ ఒంటిగంట అయి ఉంటుంది."

అమ్మ కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. "అయితే సరే. పన్నెండు గంటల కాల్ తప్పింది కదా. పన్నెండున్నరకే మనుషులు బయల్దేరి ఉంటారు. వాగు పొంగకముందే దాటేస్తారు. రెండున్నరకల్లా ఇక్కడుంటారు. ఇక్కడ పడి ఉన్నంతసేపూ ఆ ఒక్క ధైర్యంతోనే ఉన్నాను గువ్వా. నా పిలుపు ఎవరికీ వినపడకపోయినా, కాల్ తప్పితే చాలు, వాళ్ళే వస్తారు అని."

గువ్వ ఇన్నాళ్ళూ కాల్ తప్పడమంటే చీవాట్లే అనుకుంది. రమ్మని అడగలేని మనిషి కోసం కూడా ఎవరో వస్తారని, దానికే ఆ ఏర్పాటని ఇప్పుడు అర్థమైంది. కింద అమ్మ ఈ రాళ్ళ మీద పడి ఉంటే, పైన తను "అంతా క్షేమం" అని చెప్పింది. నవ్వుకుంది కూడా.

చెప్పాలి.

అమ్మ తన చేతిని పట్టుకుని ఉంది. ఆ చేయి మంచుముక్కలా ఉంది. "వచ్చేస్తారు, వచ్చేస్తారు" అని తనకు తానే చెప్పుకుంటోంది. గువ్వ నీళ్ళ వైపు చూస్తూ కూర్చుంది. ఒక నిమిషం. రెండు. ఐదు. పదో మెట్టు మునిగింది. చెప్తే అమ్మ ఏమంటుంది? కొట్టినా బాగుండు. అమ్మ ముఖంలో ఉన్న ఆ కాస్త ధైర్యం పోతుందే, అదెలా చూడటం?

"అమ్మా" అంది చివరికి. "వాళ్ళు రారు."

"వస్తారే. కాల్ తప్పితే తప్పకుండా…"

"కాల్ తప్పలేదమ్మా. నేను చెప్పేశాను. నీ గొంతుతో. అంతా క్షేమం అని చెప్పాను. నీకు నోటీసు ఇస్తారని…"

అమ్మ గువ్వ చెయ్యి వదల్లేదు. చాలాసేపు నదినే చూసింది. నిజానికి అది చాలాసేపు కాదేమో, గువ్వకు అలా అనిపించింది.

"అయితే ఎవరూ రావట్లేదన్నమాట" అంది నెమ్మదిగా. ఆ మాట గువ్వకు జీవితాంతం గుర్తుంటుంది.

తరువాత అమ్మ ఆ చేతిని ఒక్కసారి నొక్కి వదిలేసింది. "సెట్టు పైన ఉన్న అట్ట గుర్తుందా? దాని మీదున్నట్టే చెప్పు. పరిగెత్తకు, జారతావు. కానీ ఆగకు. పో."

వైర్‌లెస్ పైన గోడకు అమ్మ ఒక అట్ట అంటించింది. ఎవరు? ఎక్కడ? ఏం జరిగింది? ఏం కావాలి? కింద పెద్ద అక్షరాలతో: నొక్కి మాట్లాడు, వదిలి విను.

ఒంటిగంటా పది నిమిషాలకు గువ్వ మైకు అందుకుంది. ఆయాసపడుతూనే అరిచింది.

"సార్! సార్, అమ్మ పడిపోయింది, కాలు విరిగింది, నీళ్ళొస్తున్నాయి, తొందరగా రండి సార్, సార్ వినపడుతోందా, ఎవరైనా ఉన్నారా, సార్…"

ఎవరూ పలకలేదు. మళ్ళీ అరిచింది. మళ్ళీ ఎవరూ పలకలేదు. ఏడుపు ముంచుకొచ్చింది. అప్పుడు తన బొటనవేలు చూసుకుంది. వేలు తెల్లబడేలా బటన్ నొక్కే ఉంది. అవతలివాళ్ళు ఎంత పలికినా, వేలు తీయనిదే వినపడదు.

వదిలింది.

"…పాపా, బటన్ వదులు. బటన్ వదులు. వినపడుతోందా?"

"వినపడుతోంది సార్."

"ఎవరు నువ్వు?"

"గువ్వను. మూడో నంబర్ స్టేషన్. మా అమ్మ ఇక్కడ పనిచేస్తుంది."

"పన్నెండింటికి మీ అమ్మ క్షేమమని చెప్పిందే! ఇది ఆటలాడే సెట్టు కాదు పాపా."

గువ్వ బటన్ నొక్కింది. "అది అమ్మ కాదు సార్. నేనే. అబద్ధం చెప్పాను. అప్పటికే అమ్మ కిందపడి ఉంది. నాకు తెలీదు. నీళ్ళ లెక్క కూడా అబద్ధమే. అమ్మ పద్నాలుగో మెట్టు మీద ఉంది. కాలు విరిగింది. లేవలేదు. నీళ్ళు పదో మెట్టు దాటాయి. మనుషులు కావాలి సార్."

వేలు తీసింది. గరగర. గరగర. ఆ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఇక నమ్మరు అనుకుంది. నమ్మకపోతే అది తన పాపమే.

"సరే" అంది గొంతు. మునుపటంత గట్టిగా లేదు. "ఇప్పుడే మనుషుల్ని పంపుతున్నాను. కింద పడవలవాళ్ళకు కూడా చెప్పాలి, నది పెరుగుతోందని. నువ్వు నేను చెప్పింది చెయ్యి. దుప్పటి, టార్పాలిన్ తీసుకో. అమ్మ కాలు పక్కన పెట్టి కట్టడానికి చదునుగా, పొడుగ్గా ఏదైనా ఉందా?"

గువ్వ చుట్టూ చూసింది. మూలన పాత పలక ముక్క ఒకటుంది. నదిలో అంకెల పలక మార్చినప్పుడు అమ్మ దాచుకున్నది. "ఉంది సార్."

"దాంతో కట్టు. బిగించకు, కదలకుండా ఉంటే చాలు. అమ్మను నువ్వు లాగకు. చేతుల మీద తనే ఒక్కో మెట్టు వెనక్కి జరగాలి. ప్రతి అరగంటకూ పైకొచ్చి నాతో మాట్లాడాలి. ఉన్నదున్నట్టు చెప్పాలి. అర్థమైందా?"

"అర్థమైంది సార్."

ఆ తరువాతి నాలుగు గంటలూ గువ్వకు ముక్కలు ముక్కలుగానే గుర్తు. పలకను కాలి పక్కన పెట్టి రెండు తువ్వాళ్ళతో కట్టింది. కట్టేటప్పుడు అమ్మ తన రెయిన్ కోటు అంచును పళ్ళతో కొరికిపట్టుకుంది. తరువాత చేతుల మీద ఆనుకుని ఒక మెట్టు వెనక్కి జరిగింది. ఆగి ఏడ్చింది. మళ్ళీ ఇంకో మెట్టు. అమ్మ ఏడవడం గువ్వ అంతకుముందు చూడలేదు. నాన్న పోయినప్పుడు కూడా తలుపేసుకునే ఏడ్చింది.

అరగంటకోసారి పైకి. మళ్ళీ కిందికి.

"అమ్మ ఎలా ఉంది?"

"బాగోలేదు సార్. వణుకుతోంది. పదహారో మెట్టు దాకా జరిగింది. నీళ్ళు పన్నెండులో ఉన్నాయి."

ఇంకోసారి: "బాగోలేదు సార్. మాట్లాడమంటే నిద్రొస్తోందంటోంది."

"నిద్రపోనివ్వకు. పోట్లాడైనా సరే, మాట్లాడించు."

గువ్వ పోట్లాడింది. హాస్టల్లో చారు నీళ్ళలా ఉంటుందని, ఈసారి కొత్త చెప్పులు కొనకపోతే స్కూలుకే వెళ్ళనని, తన జుట్టు కత్తిరించింది అమ్మే కాబట్టి అందరూ కొబ్బరి పీచంటున్నారని. అమ్మ కళ్ళు తెరవకుండానే, "పీచేలే, నిజమే" అంది.

మనుషులు ఐదున్నరకు వచ్చారు. నలుగురు. మొలల దాకా బురద. అప్పటికి అమ్మ ఇరవై రెండో మెట్టు మీద ఉంది. నీళ్ళు పదిహేడులో ఉన్నాయి. అమ్మ మొదట పడిన చోటు కనిపించడం లేదు.

స్ట్రెచర్ మీద అమ్మను కడుతూ ఒకతను పక్కవాడితో అన్నాడు. "వాగు రెండింటికే నిండిపోయింది. పై వంతెన మీదుగా తిరిగి రావాల్సొచ్చింది. పన్నెండున్నరకే తెలిసి ఉంటే నేరుగా దాటేసేవాళ్ళం."

అతను గువ్వను అనలేదు. గువ్వ అక్కడ ఉందని కూడా చూసుకోలేదు. ఎవరైనా తిట్టి ఉంటే గువ్వకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఆసుపత్రి పట్నంలో ఉంది. మూడో అంతస్తులో పొడుగాటి వార్డు, పన్నెండు మంచాలు. అమ్మది కిటికీ పక్కది. కాలిలో ఇనుప కడ్డీలు వేశారు. డాక్టరమ్మ పాదం పట్టుకుని, "పైకి లేపండి" అంది. అమ్మ లేపింది. అంటే లేపాననుకుంది. పాదం కదల్లేదు.

"చాలాసేపు వాపుతో ఉండిపోయింది. నరం దెబ్బతింది" అంది డాక్టరమ్మ. "నడుస్తారు. కర్ర పట్టుకుని. మునుపటిలా మాత్రం కాదు."

గువ్వ మంచం కింది టైల్స్ లెక్కపెట్టింది. పద్నాలుగు దగ్గర ఆగిపోయింది.

మూడో రోజు ఒక సన్నటి, పొట్టి మనిషి గొడుగు విదిలించుకుంటూ వార్డులోకి వచ్చాడు. మీసాలు లేవు, పొట్ట అసలే లేదు. "గువ్వ ఎవరు?" అన్నాడు. ఆ గొంతులో గరగర ఏమీ లేదు. అదంతా సెట్టుదే. అయినా గువ్వ గుర్తుపట్టింది. లేచి నిలబడింది గానీ తల ఎత్తలేకపోయింది.

ఆయన అమ్మతో నెమ్మదిగా మాట్లాడాడు. మెట్లు దిగే పని ఇక కుదరదన్నాడు. కంట్రోల్ రూములో కూర్చుని చేసే పని ఏమైనా ఉందేమో పైవాళ్ళను అడుగుతానన్నాడు. "మాట మాత్రం ఇవ్వలేనమ్మా" అని కూడా అన్నాడు. తరువాత గువ్వ వైపు తిరిగాడు.

"మా దగ్గర అన్ని కాల్సూ రాసే పుస్తకం ఒకటుంది. అందులో పన్నెండింటికి నువ్వు చెప్పింది ఉంది. దాన్ని కొట్టేయను. కొట్టేయకూడదు."

"సరే సార్" అంది గువ్వ.

"దాని కిందే ఒంటిగంటా పది కూడా ఉంది. అదీ నేనే రాశాను. అదీ కొట్టేయను." ఆయన గొడుగు అందుకున్నాడు. వెళ్ళబోతూ అమ్మను అడిగాడు. "మీవాళ్ళు ఎవరూ రాలేదే? ఎవరికైనా కబురు పెట్టాలా?"

"ఎవరూ వద్దు సార్. మేం చూసుకుంటాం" అంది అమ్మ.

మూడు రోజులుగా గువ్వ మంచం పక్కన బెంచీ మీద పడుకుంటోంది. బిస్కెట్లు తింటోంది. మందుల చీటీ పట్టుకుని ఏ కిటికీకి వెళ్ళాలో తెలియక, ఒకే వరుసలో రెండుసార్లు నిలబడింది. రాత్రి కళ్ళు మూస్తే చాలు, గోధుమ రంగు నీళ్ళు కనిపిస్తున్నాయి. ఇవేవీ అమ్మకు చెప్పలేదు. అమ్మ కూడా, నర్సు కట్టు మార్చేటప్పుడు తప్ప, నొప్పి అనలేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వుకుంటున్నారు. ఆ నవ్వులు ఇద్దరికీ బరువుగానే ఉన్నాయి.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ ఫోన్ మోగింది. పెద్దమ్మ. ప్రతి ఆదివారం అమ్మే చేసేది. ఈసారి చేయలేదని తనే చేసినట్టుంది.

అమ్మ చేతికి సెలైన్ ఉంది. "నువ్వు మాట్లాడు" అని సైగ చేసింది. తరువాత గొంతు తగ్గించి, "బాగున్నామని చెప్పు. నేను స్నానానికి వెళ్ళానని అను" అంది.

గువ్వ ఫోన్ చెవికి పెట్టుకుంది. అవతల కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. పెద్దమ్మకు టైలరింగ్ షాపు ఉంది. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టుకుని కుడుతూనే మాట్లాడుతుంది.

"ఏమ్మా గువ్వా, నువ్వా! సెలవులేనా ఇంకా? మీ అమ్మేది? అంతా బాగున్నారా?"

గువ్వ అమ్మ వైపు చూసింది. అమ్మ తల ఊపింది. చెప్పు, చెప్పు అన్నట్టు.

ఎంత చిన్న మాట అది. నాలుక చివరే ఉంది.

"లేదు పెద్దమ్మా" అంది గువ్వ. "బాగోలేదు."

అమ్మ మంచం మీద కదిలింది. గువ్వ ఇటు తిరగలేదు. కిటికీలోంచి వానను చూస్తూ, ఒక్కో మాటా తడబడకుండా చెప్పింది.

"నేనూ అమ్మా పట్నంలో పెద్దాసుపత్రిలో ఉన్నాం. మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం. అమ్మ మెట్ల మీద జారి కాలు విరిగింది. ఆపరేషన్ అయింది. పాదం లేవడం లేదు. అమ్మకు చాలా నొప్పిగా ఉంది, చెప్పట్లేదు. నాకు ఇక్కడ ఏం చేయాలో తెలీడం లేదు. భయమేస్తోంది. నువ్వు కావాలి పెద్దమ్మా."

చెప్పేసి ఆగింది. చెప్పాల్సింది అయిపోయింది. ఇక వినాలి.

అవతల కుట్టుమిషను ఆగిపోయింది. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. ఎవరితోనో, "షట్టర్ దించు, నేను వెళ్తున్నాను" అన్న మాట. వెనక నుంచి అమ్మ వెక్కుతున్న చప్పుడు కూడా గువ్వకు వినిపించింది. అమ్మ ఈసారి తలుపు వేసుకోలేదు, ముఖమూ దాచుకోలేదు. సెలైన్ లేని చేయి చాచి గువ్వ గౌను అంచు పట్టుకుంది.

"ఏ బస్సు ఎక్కాలో చెప్పవే" అంది పెద్దమ్మ.